గుట్ట ఎరుపు, చేను పచ్చ: కళ్యాణదుర్గం వైపు ఒక చెరువు పరీవాహకంలో మట్టికోత లెక్క

అనంతపురం జిల్లాలో ఏ వాటర్‌షెడ్ ప్రాజెక్టు రిపోర్టు తిరగేసినా అందులో ఒక రంగుల మ్యాప్ ఉంటుంది. ఎరుపు ఉన్నచోట మన్ను ఎక్కువగా కొట్టుకుపోతోందని, పచ్చ ఉన్నచోట ఫరవాలేదని అర్థం. ఆ ఎరుపు దాదాపు ఎప్పుడూ గుట్టల మీదే పడుతుంది. వాలు ఎక్కువ కాబట్టి కోత ఎక్కువ అనుకుని ఎవరూ దాన్ని ప్రశ్నించరు. ఇక గుట్ట మీద కందకాలు, గుట్ట కింద రాతి కట్టలు అని ఎస్టిమేట్లు తయారవుతాయి. కిందున్న వేరుశనగ చేలకు మిగిలిన డబ్బుతో నాలుగు గట్లు వేస్తారు.

ఈ కేసులో మేము ఆ ఎరుపును నమ్మాలా వద్దా అని తేల్చుకోవాల్సి వచ్చింది. పని ఒక చిన్న చెరువు పరీవాహకంలో జరిగింది. ఖర్చు ఎక్కడ పెట్టాలో చెప్పమని అడిగారు, దానికి కంప్యూటర్ మోడల్ వాడమన్నారు. మోడల్ ఇచ్చిన మొదటి జవాబుకూ చివరి జవాబుకూ మధ్య జరిగిందే ఇక్కడ రాస్తున్నాను. ఇదే పని చేస్తున్న కుర్రాళ్లకు, ముఖ్యంగా జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని) నేర్చుకుని నేరుగా రిపోర్టుల్లోకి దిగుతున్నవాళ్లకు పనికొస్తుందని.

చోటు

కళ్యాణదుర్గం డివిజన్‌లో ఒక ఊరి చెరువు. దానికి నీళ్లిచ్చే భూమి సుమారు 12 చదరపు కిలోమీటర్లు, అంటే 1,200 హెక్టార్లు. అందులో 300 హెక్టార్లు రాతి గుట్టలు, వాటి వాలులు. 750 హెక్టార్లు ఎర్రనేల మెట్ట చేలు. ఎక్కువగా వేరుశనగ, మధ్యలో కంది సాళ్లు. మిగిలింది ఊరు, బీడు, వంకలు, చెరువు కడుపు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. లెక్క సులువుగా అర్థం కావాలని అంకెలను కొంచెం రౌండ్ చేశాను.

ఉమ్మడి జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. ఇంత కరువు సీమలో మన్ను కొట్టుకుపోయేంత వాన ఎక్కడిదని బయటివాళ్లు అడుగుతుంటారు. వాన తక్కువే, కానీ పడే తీరు వేరు. నెల రోజులు మొహం చాటేసి, ఒక సాయంత్రం వచ్చి గంటన్నరలో కుమ్మేసి పోతుంది. చినుకుల దెబ్బకు ఎర్రనేల పైపొర పెచ్చు కడుతుంది, నీళ్లు లోపలికి దిగక పరుగెడతాయి. పైగా నేల లోతు లేదు. చాలా చేలల్లో అడుగు తవ్వితే గరుసు తగులుతుంది. నల్లరేగడిలో ఒక మిల్లీమీటరు మన్ను పోవడం, ఇక్కడ ఒక మిల్లీమీటరు పోవడం ఒకటి కాదు.

పూడిక అంటే ఏమిటో ఈ జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. హెచ్చెల్సీకి (తుంగభద్ర ఎగువ కాలువకు) నీళ్లిచ్చే తుంగభద్ర డ్యాం 1953లో సుమారు 133 టీఎంసీల సామర్థ్యంతో మొదలై, ఇప్పుడు 105.79 టీఎంసీల దగ్గర ఉంది. అక్కడ పోయిన ప్రతి టీఎంసీ ఇక్కడ ఆయకట్టు చివర తెలుస్తుంది. మనది దానితో పోలిస్తే గోరంత చెరువు. పైనుంచి మన్ను దిగే తీరు మాత్రం రెండింటికీ ఒకటే.

మొదటి లెక్క

మొదట వాడింది అందరూ వాడేదే, యూఎస్ఎల్ఈ (యూనివర్సల్ సాయిల్ లాస్ ఈక్వేషన్) అనే మట్టికోత సూత్రం. ఐదు అంకెలను హెచ్చవేస్తే ఏడాదికి హెక్టారుకు ఎన్ని టన్నుల మన్ను కదులుతుందో వస్తుంది: వాన దెబ్బకు ఆర్, నేల స్వభావానికి కే, వాలు పొడవుకూ నిటారుతనానికీ ఎల్ఎస్, పైన ఉన్న పంటకు సి, రైతు చేసిన కట్టుదిట్టానికి పి. అమెరికాలో 22.13 మీటర్ల పొడవు, 9 శాతం వాలు ఉన్న మడిని కొలబద్దగా పెట్టుకుని కట్టిన సూత్రం ఇది. 1978లో అక్కడి వ్యవసాయ శాఖ 537వ నంబరు హ్యాండ్‌బుక్‌గా వేసింది.

ఆర్ దగ్గరే ఒక గొయ్యి ఉంది. మన దేశంలో గంటగంటకూ వాన లెక్క దొరకనిచోట చాలామంది వాడే సూత్రం: 79 + 0.363 × ఏడాది వాన. మన 550 మిల్లీమీటర్లకు ఇది 279 ఇస్తుంది. ఈ 279 పాత మెట్రిక్ యూనిట్లలోది. అంతర్జాతీయ యూనిట్లలోకి మార్చాలంటే 9.81తో హెచ్చవేయాలి, అప్పుడు 2,735 దాకా వస్తుంది. కే విలువకు కూడా రెండు యూనిట్లున్నాయి, వాటి మధ్య తేడా కూడా అంతే. ఆర్ ఒక యూనిట్‌లోంచి, కే ఇంకో యూనిట్‌లోంచి తీసుకుంటే జవాబు పది రెట్లు పెరుగుతుంది, లేదా పదో వంతుకు పడిపోతుంది. ఎర్రనేల మెట్ట చేలలో హెక్టారుకు అర టన్ను అనో, డెబ్బై టన్నులు అనో రాసిన రిపోర్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఒక మామూలు చేను తీసుకుందాం. 2 శాతం వాలు, 100 మీటర్ల పొడవు. ఎల్ఎస్ 0.29 దగ్గర వస్తుంది. కే 0.2, వేరుశనగకు సి 0.4, గట్లేమీ లేవు కాబట్టి పి 1. ఆర్ 279తో అన్నీ హెచ్చవేస్తే హెక్టారుకు 6.4 టన్నులు. మన ఎర్రనేల ఒక హెక్టారులో ఒక మిల్లీమీటరు మందం పోతే 15 టన్నులు పోయినట్టు. అంటే ఈ చేలో రెండేళ్లకు ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ.

ఇప్పుడు గుట్ట. 20 శాతం వాలు, అదే 100 మీటర్లు. ఎల్ఎస్ ఒక్కసారిగా 7.4కు ఎగబాకుతుంది. అక్కడక్కడా తుప్పలున్నాయి కాబట్టి సి 0.1. కే అదే 0.2. జవాబు హెక్టారుకు 41 టన్నులు.

పరీవాహకం మొత్తానికి చూస్తే గుట్టలు 300 హెక్టార్ల నుంచి 12,300 టన్నులు, చేలు 750 హెక్టార్ల నుంచి 4,800 టన్నులు. గుట్టలు, చేలు కలిపిన లెక్కలో గుట్టల వాటా 72 శాతం. మ్యాప్‌లో గుట్టలు కణకణమంటున్నాయి. రిపోర్టు ఇక్కడే ముగించి సంతకం పెట్టించుకోవచ్చు. చాలా రిపోర్టులు ఇక్కడే ముగుస్తాయి కూడా.

"బండ తప్ప ఏముంది సార్"

మ్యాప్ ప్రింటు తీసుకుని రచ్చకట్ట దగ్గర పరిచినప్పుడు, మేకలు తోలుకునే ఒక పెద్దాయన వంగి చూసి అన్న మాట: "ఆ గుట్ట మీద ఏముంది సార్ కొట్టుకపోయేకి, బండ తప్ప? ఉన్న మన్నంతా మా తాతల కాలంలోనే దిగిపాయ."

ఆయన మాటకు మోడల్‌లో ఒక గడి ఉంది. ఆ గడి ఖాళీగా ఉండటమే అసలు సమస్య.

మట్టి నమూనా ల్యాబ్‌కు వెళ్లాక మొదట చేసేది 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టడం. కిందికి దిగినదాన్నే ఇసుక, ఒండ్రు, బంకమన్ను అని విడదీసి రిపోర్టు ఇస్తారు. జల్లెడ మీద మిగిలిన రాళ్లు, గులకలు బయట పారేస్తారు. వ్యవసాయ పరీక్షకు అది సరైన పద్ధతే, ఎరువు మోతాదు చెప్పడానికి రాయితో పనిలేదు. కానీ అదే రిపోర్టు కోత లెక్కలోకి వస్తే, సగం రాళ్లున్న గుట్టవాలు కాస్తా మెత్తటి ఇసుకదుబ్బ అయిపోతుంది. రాయి చినుకు దెబ్బ కాచుకుంటుంది, నీటి పరుగుకు అడ్డం పడుతుంది. చేలల్లో కూడా గులకరాళ్లను ఏరి పారేయడానికి ఇక్కడి పెద్దవాళ్లు ఒప్పుకోరు, రాళ్ల కింద పదును నిలుస్తుందని వాళ్లకు తెలుసు.

స్వాట్ అనే మోడల్‌లో దీనికి ఒక సవరణ ఉంది. పైపొరలో రాయి శాతాన్ని తీసుకుని, దానికి మైనస్ 0.053 గుణకం వేసి ఎక్స్‌పొనెన్షియల్ కడుతుంది. రాయి శాతం సున్నా అయితే సవరణ 1, అంటే ఏ మార్పూ లేదు. 20 శాతం రాయి ఉంటే 0.35. 40 శాతం ఉంటే 0.12. రెడీమేడ్ మట్టి డేటా దించుకుని వాడితే ఆ గడిలో సున్నా ఉందా, నిజమైన అంకె ఉందా అని చూసేవాళ్లు తక్కువ.

మేము గుట్టవాలుల మీద గుంతలు తీసి, జల్లెడ పట్టి, పైన మిగిలినదాన్ని కూడా తూచాం. సగటున 40 శాతం దగ్గర తేలింది. పరచిన బండ ఉన్నచోట్లను విడిగా గుర్తించి నేల లెక్కలోంచి తీసేయాలి కూడా, కానీ ఆ సంగతి పక్కన పెట్టి రాయి సవరణ ఒక్కటి వేసినా 41 టన్నులు 5 టన్నుల లోపుకు దిగాయి. గుట్టలు మొత్తం కలిపి 1,470 టన్నులు. చేలలో రాయి తక్కువ, ఉన్నదాన్ని కే విలువలోనే చూసుకున్నాం కాబట్టి వాటి 4,800 అలాగే ఉంది.

వాటాలు తిరగబడ్డాయి. ఇప్పుడు చేలవి 77 శాతం.

ఒక్క గడి నింపితే మ్యాప్ రంగులు తారుమారయ్యాయంటే మోడల్ పనికిరానిదని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. ఏ గడి మీద జవాబు ఇంతగా ఆధారపడి ఉందో మోడలే చూపించింది. ఆ గడి నింపడానికి పారా, జల్లెడ పట్టుకుని బయటికి వెళ్లాలి, అంతే.

వాలు పొడవు, మాయమైన కుంటలు

ఎత్తు మ్యాప్‌లో (దీన్నే డెమ్ అంటారు) ఒక్కో గడి 30 మీటర్లది. ఇస్రో వెబ్‌సైట్ భువన్‌లో దొరికే కార్టోశాట్ డెమ్ తీసుకున్నాం. 30 మీటర్ల గడిలో అడుగున్నర ఎత్తు గెనిమ (చేని గట్టు) కనిపించదు, బండిదారి కనిపించదు. నీళ్లు చేనంతా ఆగకుండా వంక దాకా పారుతున్నట్టే సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. పైనున్న భూమినంతా కూడుకుంటూ పోయే పద్ధతిలో వాలు పొడవు లెక్కిస్తే వంక పొడవునా ఎల్ఎస్ వందల్లోకి పోతుంది. నేలమీద నీళ్లు పరచుకుని పారేది మామూలుగా 120 మీటర్ల లోపే, ఆపైన ఏదో ఒక సాలులోనో గల్లీలోనో (నీళ్లు కోసిన లోతు గండిలోనో) చేరిపోతాయి. అందుకే పొడవుకు పరిమితి పెట్టి, వంక గడులను ఈ లెక్కలోంచి తీసేశాం.

దీనికంటే మన ప్రాంతానికి ముఖ్యమైనది ఇంకొకటి. వాటర్‌షెడ్ హద్దు గీసే ముందు సాఫ్ట్‌వేర్ డెమ్‌లోని పల్లాలన్నిటినీ పూడ్చేస్తుంది. పల్లం ఉంటే నీటి దారి తెగుతుంది కాబట్టి దాన్ని డేటాలోని తప్పుగా చూస్తుంది. మన దగ్గర పల్లం అంటే తప్పు కాదు, కుంట. గొలుసు చెరువుల సీమలో ఆ ఒక్క బటన్ నొక్కితే ఊటకుంటలు, పంటకుంటలు, చెక్‌డ్యాముల వెనకున్న గుంటలు అన్నీ చదునైపోతాయి. పైన ఆగిపోయే పూడికంతా చివరి చెరువులోకి వచ్చినట్టు లెక్క తేలుతుంది. మేము ఊళ్లోని కుంటలన్నిటినీ ఉపగ్రహ చిత్రంలో గుర్తించి, మరువ (నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎత్తు నేలమీద చూసుకుని, స్వాట్‌లో చెరువులుగా మళ్లీ పెట్టాం. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని వదిలేసి మిగతాదంతా ఎంత శ్రద్ధగా చేసినా లాభం లేదు.

సగటు వానతో కుదరదు

యూఎస్ఎల్ఈ ఏడాది సగటు చెబుతుంది. కట్ట తెంచేది సగటు వాన కాదు. అందుకే రోజువారీగా నడిచే స్వాట్‌కు వెళ్లాం. అది మట్టిని ఆర్ బదులు, పారిన నీళ్ల పరిమాణం, ఉధృతి రెండింటినీ హెచ్చవేసి 0.56 ఘాతం వేసి లెక్కిస్తుంది.

ఇందులోని కిటుకు చిన్న లెక్కతో తెలుస్తుంది. పడిన వానలో ఎంత పారుతుందో లెక్కించడానికి నేలకు ఇచ్చే అంకెను కర్వ్ నంబర్ అంటారు. సాళ్లు వేసిన ఎర్రనేలకు అది 85 అనుకుందాం. 30 మిల్లీమీటర్ల వాన పడితే పారేది 6.7 మిల్లీమీటర్లు. 90 మిల్లీమీటర్లు ఒకేరోజు పడితే పారేది 52. వాన మూడు రెట్లయితే పారుదల దాదాపు ఎనిమిది రెట్లు. ఉధృతి కూడా అదే లెక్కన పెరిగిందనుకుంటే మన్ను పది రెట్లు. 30 మిల్లీమీటర్ల వానలు మూడు పడినా, 90 మిల్లీమీటర్లది ఒకటి పడినా రెయిన్‌గేజ్ రిజిస్టర్‌లో మొత్తం ఒకటే. చెరువులోకి దిగే మన్ను మాత్రం రెండో దానిలో మూడు రెట్లకు పైనే.

కాబట్టి ఏడాదికి ఇన్ని టన్నులు అని ఒకే అంకె రాయమని అడిగేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. ఈసారి కూడా రిపోర్టు ఫార్మాట్‌లో ఒకటే గడి ఉంది. అందులో రేంజ్ రాసి, పక్కన కారణం రాశాను. వెనక్కి పంపారు. మళ్లీ అదే పంపాను.

ఏ నెలలో వాన పడింది అన్నది ఇంకో కథ. సి విలువను ఉపగ్రహ చిత్రంలోని పచ్చదనం నుంచి తీసే ఒక సూత్రం బాగా వాడుకలో ఉంది. సెప్టెంబరు చిత్రంలో పచ్చదనం సూచిక 0.5 ఉంటే సి 0.135 వస్తుంది, చేను భేషుగ్గా ఉన్నట్టు. కానీ అదే చేను అక్టోబరులో చూడండి. వేరుశనగ కోసే పంట కాదు, పీకే పంట. కాయతో పాటు నేలంతా కదిలిపోతుంది. కాయ తీశాక మిగిలే కట్టె పశువులకు పోతుంది కాబట్టి పైన ఆకు కూడా మిగలదు. సూచిక 0.2కు పడితే సి 0.61, నాలుగున్నర రెట్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతం నుంచి వాయుగుండం వానలు మొదలవుతాయి. అటు వేసవి దుక్కులు చేసిన చేలు మే నుంచి విత్తనం పడేదాకా బోసిగా ఉంటాయి. ఏడాదికి ఒకటే సి వేసిన మోడల్‌కు ఈ రెండు సందులూ కనిపించవు. మబ్బుల వల్ల ఆ రోజుల్లో చిత్రాలు కూడా సరిగా దొరకవు. అందుకే స్వాట్‌లో పంట క్యాలెండర్‌ను రైతులను అడిగి, దుక్కి ఎప్పుడు, విత్తనం ఎప్పుడు, పీకేది ఎప్పుడు అని తేదీలవారీగా రాశాం. స్వాట్ లెక్కలో చేల నుంచి దిగే మన్నులో పెద్ద భాగం ఈ రెండు సందుల్లోనే కనిపించింది. కంది సాళ్లు ఉన్నచోట అక్టోబరు తర్వాత కూడా కొంత నీడ మిగులుతుంది. అంతరపంటగా కంది వేయమని సలహా ఇవ్వడానికి కందిపప్పు ధర ఒక్కటే కారణం కాదని రైతులకు ఇలాగే చెప్పాం.

కుంటల్లో సరిచూసుకోవడం

కంప్యూటర్‌లో ఎంత దిద్దినా నేలమీద ఒక కొలత లేకపోతే అది ఊహే. ఈ వంక మీద గేజింగ్ స్టేషన్ లేదు. కేంద్ర జల సంఘం తాడిపత్రి దగ్గర పెన్నాను కొలుస్తుంది, కానీ వేల చదరపు కిలోమీటర్ల నదీ లెక్కతో 12 చదరపు కిలోమీటర్ల వంకను సరిచూడలేం.

మాకు దొరికిన సాక్షులు రెండు కుంటలు. రెండింటిలోనూ ఆరేళ్ల కింద ఒకే విడతలో గరుసు తేలేదాకా పూడిక తీశారు. ఒకటి గుట్ట అడుగున ఉంది, దాని పైన 40 హెక్టార్ల గుట్టవాలు తప్ప ఇంకేం లేదు. రెండోది చేల మధ్యలో, పైన 60 హెక్టార్ల మెట్ట భూమి. మే నెలలో ఎండినప్పుడు అడ్డంగా నిలువుగా గుంతలు తీసి, గరుసు మీద పేరిన కొత్త పూడిక మందం కొలిచాం. కోర్ కట్టర్‌తో సాంద్రత చూశాం.

కదిలిన మన్నంతా కిందికి చేరదు, దారిలో చాలా ఆగుతుంది. ఇంత చిన్న పరీవాహకాల్లో సగం చేరుతుందని డెలివరీ రేషియో సూత్రం చెబుతుంది. ఆ లెక్కన, రాయి గడి ఖాళీగా ఉన్న మొదటి మోడల్ ప్రకారం గుట్ట కింది కుంటలో ఆరేళ్లకు 65 సెంటీమీటర్ల పూడిక ఉండాలి, మోకాలు మునిగేంత. సవరించిన మోడల్ ప్రకారం 8 సెంటీమీటర్లు. గుంతల్లో కనిపించింది నాలుగు వేళ్ల మందం గరుకు ఇసుక. పెద్దాయన మ్యాప్ చూసి చెప్పినదే కుంట కూడా చెప్పింది.

చేల కుంట కథ వేరు. సవరించిన మోడల్ 11 సెంటీమీటర్లు అంది. కనిపించింది 15 దగ్గర, అదీ మెత్తటి ఎర్ర ఒండ్రు. పెద్ద వానలకు మరువ పారి పోయిన మన్ను దీనికి అదనం. అంటే మోడల్ తక్కువ చెప్పింది. ఎందుకు తక్కువ చెప్పిందో కుంటలోకి దిగే వంకలో నడిస్తే కనిపిస్తుంది: వంక గట్లు నిలువునా తెగి ఉన్నాయి, రెండు చోట్ల కంచె రాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. యూఎస్ఎల్ఈ చేలమీద పరచుకుని పోయే కోతనూ, సన్నని చారల కోతనూ మాత్రమే లెక్కిస్తుంది. గల్లీ కోత, గట్టు కూలడం దానికి తెలియవు. స్వాట్‌లో వాగు కోతకు భాగం ఉంది కానీ, ఇంత చిన్న వంకకు దాన్ని సరిచూసేంత కొలతలు లేకుండా తిప్పితే కావాల్సిన జవాబు తెప్పించుకోవడమే అవుతుంది.

15కు 11 అంటే నాకు టెన్షన్ ఏమీ లేదు. నెలవారీ పూడిక లెక్కలో కొలతకు మోడల్ 55 శాతం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదని ఈ రంగంలో అందరూ వాడే 2007 నాటి ప్రమాణమే చెబుతుంది. నీటి పారుదలకైతే ఆ హద్దు 25 శాతం. టన్నుల దగ్గర ఇంత సడలింపు ఉంది కాబట్టే, ఏ భూమి ఎక్కువ ఇస్తోంది, ఏది తక్కువ అన్న వరస మీద నేను ఎక్కువ బరువు పెడతాను. రెండు కుంటలూ ఆ వరసనే నిలబెట్టాయి. గాలికి పోయే మన్ను వీటిలో దేనిలోనూ లేదు. ఇక్కడ అది పెద్ద విషయం కాదు గానీ, హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బలున్న ఊళ్లకు ఇదే మోడల్ పట్టుకెళితే అసలు దొంగను వదిలేసినట్టే.

డబ్బు ఎక్కడికి

గుట్టల మీద మన్ను కదలకుండా పూర్తిగా ఆపేసినా ఆగేది 1,470 టన్నులు. అలా పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. చేలలో వాలుకు అడ్డంగా సేద్యం చేస్తే 2 శాతం వాలుకు పి 0.6. మధ్యలో ఒక గెనిమ వేసి 100 మీటర్ల పొడవును 50 చేస్తే పొడవు వల్ల వచ్చే కోత 19 శాతం తగ్గుతుంది. రెండూ కలిస్తే కోత సగానికి వస్తుంది. 4,800లో సగం 2,400. గెనిమ ఒక్కటే వేసి సాళ్లు వాలు వెంట తోలితే దక్కేది ఆ 19 శాతమే అన్నది గమనించాలి. రిపోర్టుల్లో గెనిమలకు బడ్జెట్ ఉంటుంది, సాళ్ల దిక్కుకు ఉండదు.

సాళ్ల దిక్కు ఎందుకు మారదో చేలలోనే తెలిసింది. ఇక్కడి కమతాలు చాలావరకు సన్నగా పొడవుగా, గుట్ట వైపు నుంచి వంక వైపుకు దిగుతూ ఉన్నాయి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ప్రతి ఒక్కరికీ పైనుంచి కొంత, కిందినుంచి కొంత రావాలని నిలువునా చీల్చుకున్నారు. ట్రాక్టర్ గొర్రుకు గంట లెక్కన బాడుగ. అడ్డంగా విత్తితే ప్రతి నలభై అడుగులకూ తిప్పాలి, డీజిల్ కాలుతుంది, గంటలు పెరుగుతాయి. నిలువునా విత్తితే రెండు తిప్పుల్లో అయిపోతుంది. "అడ్డం ఇత్తేకి నాకేం బాధ లేదన్నా, ఆ బాడుగ తేడా ఎవరిస్తారో చెప్పు" అని ఒక కౌలు రైతు అడిగాడు. మోడల్‌లో పి గడిలో 0.6 రాయడం ఒక్క సెకను పని. ఆ 0.6 వెనక ఇంత ఉంది.

చివరికి ఒప్పుకున్న ప్లాన్ ఇది. గుట్ట మీద కందకాలను పూర్తిగా తీసేయలేదు, బాగా తగ్గించాం. గుట్ట నుంచి దిగేది మన్ను తక్కువే అయినా నీళ్లు ఎక్కువ. బండ మీంచి జారిన తేటనీళ్లు కింది చేలలో పడి కోస్తాయి. యూఎస్ఎల్ఈ ప్రతి చేనునూ విడిగా చూస్తుంది కాబట్టి పైనుంచి వచ్చిపడే నీళ్ల లెక్క దానిలో లేదు. అందుకే గుట్ట అడుగున నీళ్లను పక్కకు మళ్లించి వంకలో కలిపే కాలువకు, ఆ వంకలో దిగుడు చోట రాతి మెట్లకు ముందు డబ్బు పెట్టాం. చేలలో పక్కపక్కన ఉన్న కమతాలను కలిపి ఒకే బ్లాకుగా అడ్డంగా విత్తడానికి ఒప్పుకున్న రైతులకు ట్రాక్టర్ తిప్పుల అదనపు ఖర్చును ప్రాజెక్టు నుంచి ఇచ్చేలా ఒప్పించాం. ఏ పద్దు కింద చూపించాలన్న దాని మీద చాలా వాదన నడిచింది. వేరుశనగలో కొన్ని సాళ్లకొకటి లోతు సాలు తీయడానికి దాదాపు అందరూ ఒప్పుకున్నారు, దానికి భూమి పోదు కాబట్టి. గెనిమ అంటే మాత్రం సగం మంది మొహం తిప్పుకున్నారు. రెండు సాళ్ల జాగా పోతుంది, ఎలుకలు చేరతాయి, పక్కవాడితో హద్దు తగాదా వస్తుంది. మూడూ నిజాలే.

చేల కుంటలోని ఎర్ర ఒండ్రును మళ్లీ చేలకు తోలుకోవాలన్నది ఊరివాళ్ల ఆలోచనే. కోతలో ముందు పోయేది సన్నని, సారమున్న మన్నే కాబట్టి అందులో అర్థముంది. దూరం పెరిగేకొద్దీ ట్రిప్పు ఖర్చు పెరుగుతుంది, కాబట్టి కుంట చుట్టూ ఉన్న చేలకే అది గిట్టుబాటు.

మిగిలిన పని వంక గట్లది. తెగుతున్న గట్లలో అడ్డంగా ఇనుప కడ్డీలు గుచ్చి, బయటికి ఎంత తేలాయో వానాకాలం ముందూ వెనకా కొలిచే ఏర్పాటు చేశాం. పనికి వచ్చే ఊరి కుర్రాళ్లలో ఇద్దరికి కొలవడం నేర్పించాం. రెండు కుంటల్లో గరుసు మట్టం దగ్గర సిమెంటు దిమ్మె కట్టించాం, ఈసారి మందం చూడటానికి అడుగు ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. ఆ కడ్డీల లెక్క వచ్చేదాకా మోడల్ ఫైల్‌లో గల్లీ వాటా గడిని ఖాళీగానే ఉంచాను. ఎక్కడి నుంచో తెచ్చిన సగటుతో నింపలేదు. ఫైల్ తీసుకునేవాళ్లకు కనపడేలా పక్కనే "ఖాళీ, సున్నా కాదు" అని రాసి పెట్టాను.